టోకెన్ నంబరు 2174

శనివారం మూడింటికి
రంగశాయిపేట రోడ్డు మీద ఆటో దిగి
టైర్ల దుకాణం పక్క ఇనుప మెట్లెక్కుత.
పైన ఒకప్పటి మిల్లు యూనియన్ ఆఫీసు.
గోడకు ఎర్రరంగు పెచ్చులు పెచ్చులుగ ఇంకా ఉన్నది.
నాయినోళ్ళు ఎక్కి మాట్లాడిన బల్ల మీద
ఇప్పుడొక స్పీకరు, మా చేతిసంచులు,
ఫర్హీన్ తెచ్చిన సమోసల పొట్లం.

ఇంట్ల యోగా అని చెప్పిన.
యోగా అంటే ఎవ్వరూ ఏమనరు.

నేర్పే పిల్ల రెబెకా,
కాజీపేట రైల్వే క్వార్టర్లల్ల పెరిగింది.
"అక్కా, కడుపు లోపలికి గుంజకు, ఇడిసిపెట్టు" అంటది.
ఇడిసిపెట్టుడు ఎట్లనో నాకు తెల్వది.
పదమూడో ఏడు సంది లోపలికే గుంజుకున్న,
పైట కింద, ఫోటోలల్ల, పెండ్లిచూపులప్పుడు,
ఆపరేషన్ కుట్లు ఆరకముందే అత్తగారింట్ల బిందె ఎత్తినప్పుడు.

మొదటివారం అద్దంల నన్ను నేను చూసుకోలే,
కొమురమ్మను చూసిన.
అంగన్‌వాడీ ఆయా చేసి మొన్ననే దిగింది.
కుచ్చిళ్ళు పైకి దోపుకొని నిలబడ్డది.
నడుముతోని ఎనిమిది అంకె గియ్యమంటే
మూడు గీసి ఆగిపోయింది.
"మిగిలింది వచ్చేవారం" అన్నది.
మేం పడీ పడీ నవ్వినం.
ఆమె మాత్రం నిజంగనే అన్నది.

నడుము.
ఈ ఒక్క మాటను మావోళ్ళు ఎన్ని తీర్ల వాడిండ్రు.
సమ్మెకు నడుము కట్టిండ్రు.
గేటుకు తాళం పడ్డనాడు నడుములు ఇరిగినయన్నరు.
పొద్దంత బీడీలు చుట్టి, దీపాలు పెట్టే యాల్లకు
"జర నడుము వాలుస్త" అనేది అమ్మ.
తిప్పుడు అనేదొక్కటే మంచిమాటల్ల రాలే.
కాంటీన్ల చాయ్ పోసే సుగుణను చూసి
నడుము తిప్పుకుంట పోతదని అనేటోళ్ళు.
ఆమె ఏం తిప్పింది, చేతుల కెటిలు,
నడిచింది, గంతే.
మంచిగ నడిచింది.
ఇప్పుడు తెలుస్తున్నది ఎంత మంచిగనో.

నాయిన స్పిన్నింగుల చేసేటోడు.
చెవులల్ల దూది, కనుబొమ్మల మీద దూది,
మాట్లాడితే కొట్లాడుతున్నట్టు ఉండేది.
మిల్లు బందైనంక
రాత్రిపూట దిగ్గున లేచి కూసునేది.
ఏం చప్పుడైందే అని అమ్మ అడిగితే
"ఏం కాలే, గందుకే" అన్నడు.

ఈ మెట్ల కిటికీల నుంచి ఆ జాగ కనబడుతది.
ప్లాట్ల రాళ్ళు, సగం గోడ, మ్యాస్తున్న బర్రెలు.
మూడుగంటల కూత వినబడ్డట్టయితది నాకు.
వినబడది.
రెబెకా పాట పెడ్తది,
దుమ్‌ టక టక దుమ్‌ టక అని ఏ దేశపు డోలో,
మా గల్లీ డప్పుకు మేనత్త బిడ్డ తీరున్నది.

నా నల్లగుడ్డకు బిళ్ళలు మూడు ఊడిపోయినయి.
కుట్టుపెట్టెల వెతికితే నాయిన ఇత్తడి టోకెన్ దొరికింది,
2174, పైన తొర్ర ముందే ఉన్నది,
దారం ఎక్కించుడే ఆలస్యం.

అది మిగతా బిళ్ళల తీరు కాదు.
అన్నీ గలగలమన్నంక, ఒక్క గడియ ఆగి,
ఠంగున ఒక్కసారి మోగుతది.
"అక్కా, లేటొస్తున్నవ్" అంటది రెబెకా.
నేను కాదు బిడ్డా, టోకెను.
ఆ గేటు కాడ పావుగంట లేటయితే
సగం రోజు కూలి కోసేటోళ్ళు.
రానీ, మెల్లగనే రానీ.

నిన్న గుడ్డ ఇప్పుడు మరిచిపోయి
చీర కట్టుకొని ఆటో ఎక్కిన.
అండర్‌బ్రిడ్జి కాడ గుంతల పడ్డది బండి.
డ్రైవరు ఆపి, దిగి,
ఒంగి ఎనుక చక్రం దిక్కు చూసిండు.
"ఏదో నట్టు ఊడిందమ్మా."
నేనేం చెప్పలే.
కడుపు ఇడిసిపెట్టి కూసున్న.